కథను నిర్ణయం దగ్గర ఆపండి



ఈరోజు ముఖ్యంగా కాలేజీల్లో, యూనివర్సిటీల్లో కామర్సు, మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పే అధ్యాపకులతో మాట్లాడాలని వచ్చాను. ఆ పాఠాలు వినే విద్యార్థులూ వినండి. వ్యాపారాలు చేసుకుంటున్న వాళ్లూ వినండి. చివర్లో మీకు ఒక విన్నపం ఉంది.

విషయం కేస్ స్టడీ. ఒక వ్యాపారంలో నిజంగా ఎదురైన సమస్యను క్లాసులోకి తెచ్చి, దాని మీద విద్యార్థుల చేత ఆలోచింపజేసే పద్ధతి. మన సిలబస్‌లో ఉంది. ప్రశ్నపత్రంలో కూడా ఉంది. కానీ క్లాసులో అది జరగాల్సినట్టు జరగడం లేదు. ఎలా జరగాలి? నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. కథను నిర్ణయం దగ్గర ఆపండి. ముగింపు చెప్పకండి. అక్కడ ఆపి, మీరైతే ఏం చేస్తారని పిల్లల్ని అడగండి.

మనందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడదాం.

2008 డిసెంబరు 16. సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశం. ఛైర్మన్ ఒక ప్రతిపాదన పెట్టారు. మేటాస్ పేరుతో ఉన్న రెండు కంపెనీల్లో సత్యం పెట్టుబడి పెట్టాలి. ఒకటి ఇళ్లూ స్థలాల వ్యాపారం. దాన్ని మొత్తం కొనాలి. రెండోది రోడ్లూ ప్రాజెక్టులూ కట్టే కంపెనీ. అందులో 51 శాతం కొనాలి. రెండింటికీ కలిపి 160 కోట్ల డాలర్లు. ఆ రెండు కంపెనీలూ ఛైర్మన్ కుటుంబానికి చెందినవే. సత్యం మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీ.

ఇప్పుడు మీరు ఆ బోర్డులో స్వతంత్ర డైరెక్టరు. మీ పక్కన ఎవరున్నారో చూడండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసరు ఉన్నారు. ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వంలో కేబినెట్ సెక్రటరీగా చేసి రిటైరైన అధికారి ఉన్నారు. కొన్ని నెలల కిందటే ఈ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో అవార్డు కూడా వచ్చింది. ప్రతిపాదన మీ ముందుకొచ్చింది. ఏ ప్రశ్న అడుగుతారు? ఏ కాగితం తెమ్మంటారు? ఒప్పుకుంటారా, కాదంటారా?

ఇక్కడ ఆపండి.

మామూలుగా మన క్లాసులో ఏం జరుగుతుంది? కథంతా చెప్పేస్తాం. బోర్డు ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు మండిపడ్డారు. గంటల్లోనే ఆ కొనుగోలు రద్దయింది. 2009 జనవరి 7న ఛైర్మన్ ఉత్తరం రాశారు. ఖాతాల్లో చూపించిన నగదులో 5,000 కోట్లకు పైగా అసలు లేదని బయటపడింది. ఇదంతా చెప్పి, కాబట్టి గవర్నెన్స్ ముఖ్యం అని రాసుకోమంటాం. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో రాస్తారు. మార్కులొస్తాయి.

కానీ వాళ్లేం నేర్చుకున్నారు? ముగింపు తెలిశాక అందరూ తెలివైనవాళ్లే. డైరెక్టర్లు అడ్డుచెప్పి ఉండాల్సిందని ఎవరైనా అంటారు. అంతమంది పెద్దల మధ్య కూర్చుని, ఒక్కడే చెయ్యెత్తి, ఈ కంపెనీలకు ధర ఎవరు కట్టారని అడగడం ఎంత కష్టమో వాళ్లకి తెలియదు. ఆ కష్టం తెలియడమే అసలు పాఠం.

స్కూటర్ వెనక సీటు మీద ఎన్నేళ్లు కూర్చున్నా బండి నడపడం రాదు. దారి తెలుస్తుంది. ఊరు చేరతాం. కానీ హ్యాండిల్ మన చేతిలో ఉన్న రోజే, ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలుస్తుంది. ముగింపు చెప్పేసిన కేసులో విద్యార్థి వెనక సీటు మీదే ఉంటాడు. నిర్ణయం దగ్గర ఆపితే హ్యాండిల్ అతని చేతికొస్తుంది.

కేసులతో చెప్పే పద్ధతి వ్యాపార పాఠాల్లో పుట్టింది కాదు. న్యాయశాస్త్రంలో పుట్టింది. 1870లో హార్వర్డ్ లా స్కూల్లో లాంగ్‌డెల్ అనే డీన్, సూత్రాలు వల్లించడం మాని, అసలు తీర్పులు చదివించి ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో వచ్చింది. 1919లో అక్కడ డీన్‌గా వచ్చిన డోనమ్ లా చదువుకున్నవాడు. అతను ఆ పద్ధతిని వ్యాపార చదువుల్లో గట్టిగా నిలబెట్టాడు. మన దేశంలో 1961లో అహ్మదాబాదు ఐఐఎం మొదలైంది. హార్వర్డ్ సహకారంతో మొదలైంది కాబట్టి కేసుల చదువు అక్కడ వేళ్లూనుకుంది. అమెరికా కంపెనీల కేసులే చదివిస్తే చాలదని, అక్కడి అధ్యాపకులు మన రైతుల మీద, మన సహకార సంఘాల మీద, మన ఫ్యాక్టరీల మీద కేసులు రాశారు. మన కేసులు మనం రాసుకోవాలన్న ఆ ఆలోచన మన జిల్లా కాలేజీలకు ఇంకా బాగా అవసరం.

మళ్లీ సత్యం దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక విశేషం ఉంది. కథ ఒక్కటే. కానీ ఎక్కడ ఆపుతామో దాన్ని బట్టి పాఠం మారిపోతుంది.

డిసెంబరు 16 దగ్గర ఆపితే అది గవర్నెన్స్ పాఠం. బోర్డులో కూర్చున్నవాడి బాధ్యత ఏమిటన్నది ప్రశ్న.

అంతకన్నా ముందు ఆపండి. మీరు ఆడిటరు. బ్యాంకులో వందల కోట్లు ఉన్నాయని కంపెనీ వాళ్లు కాగితం చూపించారు. ఆ కాగితం చాలంటారా? లేక మీరే నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాసి, జవాబు నేరుగా మీకే పంపమంటారా? ఇప్పుడది ఆడిటింగ్ పాఠం.

కాస్త తర్వాత ఆపండి. 2009 జనవరి రెండో వారం. పాత బోర్డును ప్రభుత్వం తీసేసింది. కొత్తగా ముగ్గుర్ని వేసింది. ఖజానాలో డబ్బు లేదు. సుమారు 50 వేల మంది ఉద్యోగులున్నారు. నెలాఖరుకు జీతాలివ్వాలి. విదేశీ ఖాతాదారులు వెళ్లిపోదామా అని చూస్తున్నారు. కొత్త బోర్డులో మీరొకరు. మొదటి ఫోను ఎవరికి చేస్తారు? బ్యాంకుకా? ఖాతాదారుకా? ఉద్యోగులకా? ఇప్పుడది సంక్షోభ నిర్వహణ పాఠం. నిజానికి ఆ బోర్డు కంపెనీని కాపాడింది. ఏప్రిల్ 13న, షేరు 58 రూపాయల చొప్పున, టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. ఈ సంగతి మాత్రం క్లాసు ఆఖర్లోనే చెప్పాలి.

చూశారా? ఒక్క కథ. మూడు చోట్ల ఆపితే మూడు పాఠాలు. అందుకే కేసు వెతికే ముందు, ఈ వారం నేను ఏ పాఠం చెప్పాలో తేల్చుకోవాలి. ఆ తర్వాతే కథ. ఆ తర్వాతే, ఎక్కడ ఆపాలన్నది.

పెద్ద కంపెనీల కథలే కావాలా? అక్కర్లేదు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ చాలు. ఒక లెక్క చెబుతాను. అంకెలు నేను ఊహించినవి. మెల్లగా చెబుతాను, మనసులో వేసుకోండి.

ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు. బియ్యం, పప్పు, చట్నీ, గ్యాస్ కలిపి ఖర్చు 20. షాపు అద్దె, వంటమాస్టర్ జీతం ప్లేటుకు పంచితే 10. మొత్తం ఖర్చు 30. మిగిలేది 10 రూపాయలు. ఇప్పుడు ఇళ్లకు తిండి చేరవేసే యాప్ వాళ్లు వచ్చారు. ప్రతి ఆర్డరు మీద 25 శాతం కమీషన్ అడిగారు. 40లో 25 శాతం అంటే 10 రూపాయలు. మిగిలే పదీ కమీషన్‌కే పోతుంది. ఆ టిఫిన్ సెంటర్ ఆవిడ యాప్‌లో చేరాలా, వద్దా?

ఇక్కడ ఆపండి.

వెనక బెంచీ కుర్రాడు వెంటనే వద్దంటాడు. మిగిలేది సున్నా కదా అంటాడు. అప్పుడు ముందు వరసలో అమ్మాయి అడ్డుపడుతుంది. అద్దె, జీతం ఎలాగూ కట్టాల్సిందే కదా, అదనపు ప్లేటుకు అవి పెరగవు కదా అంటుంది. లెక్క మారింది. యాప్ నుంచి చేతికొచ్చేది 30. సరుకూ గ్యాసూ 20. పొట్లం ఖర్చు 3 అనుకుందాం. 7 రూపాయలు మిగులుతాయి. ఇప్పుడు చేరాలనే అనిపిస్తుంది.

ఇంకొకడు లేచి, రోజూ కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లే ఇంట్లో కూర్చుని యాప్‌లో ఆర్డరిస్తే ఏమిటి గతి అంటాడు. మంచి ప్రశ్న. కౌంటరు దగ్గర ప్లేటు మీద, అద్దె జీతాలు పక్కన పెడితే, 20 రూపాయలు మిగిలేవి. యాప్‌లో 7 మిగులుతోంది. అంటే ఒక్కొక్కరి మీద 13 రూపాయల నష్టం. ఒక పాత గిరాకీ యాప్‌కు మళ్లితే, ఆ నష్టం పూడ్చడానికి దాదాపు ఇద్దరు కొత్తవాళ్లు రావాలి.

ఇందులో ఏముంది? స్థిర వ్యయం ఉంది. చర వ్యయం ఉంది. మార్జినల్ కాస్టింగ్ మొత్తం ఉంది. పుస్తకంలో ఒక అధ్యాయం. నిర్వచనం ఒక్కటి కూడా చెప్పకుండానే పిల్లలు ఆ అధ్యాయంలోకి నడిచి వచ్చారు. ఇప్పుడు మీరు బోర్డు మీద నిర్వచనం రాయండి. వాళ్లు మర్చిపోరు.

సరే, కేసులు ఎక్కడ దొరుకుతాయి? మూడు చోట్ల.

మొదటిది, రాసి పెట్టినవి. హార్వర్డ్ ప్రచురణ సంస్థ దగ్గర వేల కేసులున్నాయి. ఇంగ్లండులో కేస్ సెంటర్ అని ఒక సంస్థ ఉంది. చాలా దేశాల బిజినెస్ స్కూళ్ల కేసులు అక్కడ దొరుకుతాయి. అహ్మదాబాదు ఐఐఎం కేసులున్నాయి. మన హైదరాబాదులో ఇక్ఫాయ్, ఐఎస్‌బీ కేసులు రాయిస్తున్నాయి. అమెరికాలో ఎంఐటీ వాళ్లు కొన్ని కేసులు ఉచితంగానే ఇస్తున్నారు. అధ్యాపకులుగా నమోదు చేసుకుంటే, కొనకముందే చదివి చూసుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. కానీ క్లాసులో వాడాలంటే, ఎంతమంది విద్యార్థులుంటే అన్ని ప్రతులకు రుసుము కట్టాలి. ఒక్కటి కొని అరవై జెరాక్సులు తీయించడం తప్పు. వ్యాపార నీతి చెప్పే క్లాసు అలా మొదలుకాకూడదు. కాలేజీ లైబ్రరీ బడ్జెట్‌లో ఏడాదికి కొన్ని కేసులకు చోటు అడగండి.

పాత కేసని పక్కన పెట్టకండి. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి 1976లో 11 పడకలతో మొదలైంది. డాక్టర్ వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్లు ఫీజు కడతారు. లేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. దాని మీద హార్వర్డ్ కేసు 1993లో వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా పాఠంగా చెబుతున్నారు. ఎందుకంటే అందులోని ప్రశ్న పాతబడలేదు. నాణ్యత తగ్గకుండా, ధర పెంచకుండా, ఎక్కువమందికి ఎలా చేరాలి? అదీ ప్రశ్న.

రెండో చోటు, ప్రజల ముందున్న కాగితాలు. కంపెనీల వార్షిక నివేదికలు. సెబీ ఉత్తర్వులు. కోర్టు తీర్పులు. షేర్లు అమ్మడానికి వచ్చే కంపెనీ సెబీకి ఇచ్చే ప్రాస్పెక్టస్. ఈ ప్రాస్పెక్టస్‌లో రిస్కుల గురించి ఒక భాగం ఉంటుంది. మా వ్యాపారంలో ఈ ప్రమాదాలున్నాయి అని కంపెనీ తనంతట తానే చెప్పుకోవాలి. అది చట్టం. అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఏముంది? పైసా ఖర్చు లేదు. సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో నుంచి మీరే రెండు పేజీల కేసు రాసుకోవచ్చు.

మూడో చోటు, మీ ఊరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

గుంటూరు చుట్టుపక్కల కాలేజీలో ఉన్నారా? మిర్చి రైతు టిక్కీలు యార్డుకు తెచ్చాడు. ఈరోజు ధర నచ్చలేదు. అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? పెడితే అద్దె. తెచ్చిన అప్పుకు వడ్డీ. ధర పెరగొచ్చు, పడొచ్చు. ఫైనాన్స్ క్లాసులో ఒక గంటకు సరిపోయే కేసు ఇది. పోచంపల్లి దగ్గరున్నారా? చేనేత ఇక్కత్ డిజైన్‌నే ప్రింటు కొట్టి తక్కువ ధరకు అమ్ముతుంటే, నేతన్న ధర తగ్గించాలా, డిజైన్ మార్చాలా, ఇది అసలైనదని కొనేవాళ్లకు తెలియజెప్పాలా? మార్కెటింగ్ కేసు. వరంగల్ వైపున్నారా? ముల్కనూరు ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార సంఘం. రైతుకు అప్పూ అక్కడే, పంట అమ్మకమూ అక్కడే. తర్వాత అక్కడే మహిళలు స్వకృషి పేరుతో సొంత డెయిరీ పెట్టుకున్నారు. పాలు ఎవరో ఒకరి డెయిరీకి పోయాలా, అప్పు చేసైనా మనదే పెట్టుకోవాలా? ఆ నిర్ణయం ముందు మీ విద్యార్థుల్ని నిలబెట్టండి.

ఊళ్లో వ్యాపారం మీద కేసు రాస్తే, యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పేరు వద్దంటే మార్చండి. అంకెలు బయటపెట్టొద్దంటే, అన్నిటినీ ఒకే లెక్కన హెచ్చించి రాయండి. పాఠం చెడదు. రాసింది ఆయనకు చూపించాకే క్లాసుకు తీసుకెళ్లండి.

ఏది మంచి కేసో ఎలా తెలుస్తుంది? ఒక పరీక్ష చెబుతాను. తెలివైనవాళ్లు ఇద్దరు దాని మీద వాదించుకోగలరా? వాదించుకోగలిగితే అది కేసు. లేకపోతే కాదు. పత్రికల్లో విజయగాథలు వస్తుంటాయి. కష్టపడ్డాడు, పైకొచ్చాడు అని. చదవడానికి బాగుంటాయి. కానీ అందులో ఎవరూ కాదనేది ఏమీ ఉండదు. కాదనేది లేని చోట ఆలోచన ఉండదు.

ఇక క్లాసులో ఎలా నడపాలి? మన పీరియడు మహా అయితే గంట. హార్వర్డ్‌లో లాగా ఇరవై పేజీల కేసు మనకి సాగదు. రెండు పేజీలు చాలు. రెండు రోజుల ముందే ఇవ్వండి. క్లాసుకు రాగానే పాఠం మొదలుపెట్టకండి. చేతులెత్తించండి. టిఫిన్ సెంటర్ కేసే అనుకోండి, యాప్‌లో చేరాలనేవాళ్లు ఎంతమంది? వద్దనేవాళ్లు ఎంతమంది? ఆ అంకెలు బోర్డు మీద ఒక మూల రాయండి. తర్వాత ఒకర్ని లేపి, ఎందుకని అడగండి. వాళ్ల మాటల్నే బోర్డు మీద రాయండి. ఒప్పుకోని వాళ్లెవరని అడగండి. మీ అభిప్రాయం మాత్రం చెప్పకండి. ఇది కష్టం. పాఠం చెప్పడం అలవాటైన నోరు ఊరుకోదు. అయినా ఊరుకోండి. ఎవరూ మాట్లాడకపోతే కాసేపు ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు పూరించకపోతే, ఎవరో ఒక పిల్ల పూరిస్తుంది. చివర్లో మళ్లీ చేతులెత్తించండి. ఎవరు మనసు మార్చుకున్నారు, ఏ మాటకు మార్చుకున్నారు అని అడగండి. ఆఖరి పది నిమిషాల్లో సిద్ధాంతం చెప్పండి. నిజంగా ఏం జరిగిందో అప్పుడు చెప్పండి.

మార్కులు కూడా నిర్ణయానికి వెయ్యకండి. కారణానికి వెయ్యండి. చేరాలన్న వాడికీ పది రావొచ్చు. వద్దన్న వాడికీ పది రావొచ్చు. లెక్క చూపించకుండా మాట్లాడిన వాడికి రాకూడదు.

ఇంకొక్క మాట. ఇది నా గుండెల్లో ఉన్న మాట. మన కాలేజీల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు చాలామంది. ఇంట్లో కిరాణా కొట్టు ఉంటుంది. పాడి ఉంటుంది. నాన్న లారీ నడుపుతూ ఉంటాడు. అప్పు, వడ్డీ, బేరం, బాకీ చిన్నప్పటి నుంచి చూస్తున్న పిల్లలు. వ్యాపారం వాళ్లకి తెలిసినంతగా పుస్తకానికి తెలియదు. కానీ ఇంగ్లీషులో మాట్లాడమనేసరికి నోరు మూతపడుతుంది. చర్చ తెలుగులో జరగనివ్వండి. సాంకేతిక పదాలు ఇంగ్లీషువి బోర్డు మీద రాయండి. అవి వస్తాయి. ముందు ఆలోచన బయటికి రావాలి. ఆ పిల్లవాడు ఒక్కసారి లేచి, మా కొట్లో ఇలా చేస్తామండీ అని చెప్పి, క్లాసంతా విన్నదంటే, తనకు తెలిసినదానికీ విలువ ఉందని అతనికి అర్థమవుతుంది. ఆ నమ్మకం ఏ డిగ్రీకన్నా తక్కువది కాదు.

చెప్పినవి ఒక్కసారి గుర్తు చేస్తాను. ముందు ఏ పాఠమో తేల్చుకోండి. తర్వాత కథ వెతకండి. రాసి పెట్టిన వాటిలో, ప్రజల ముందున్న కాగితాల్లో, లేదా మీ ఊళ్లో. కథను నిర్ణయం దగ్గర ఆపండి. పిల్లల్ని మాట్లాడనివ్వండి. ముగింపు ఆఖర్న చెప్పండి. సిలబస్ మొత్తాన్ని ఇలా చెప్పమని నేను అనడం లేదు. ఈ సెమిస్టరులో ఒక్క యూనిట్. ఒక్క కేసు. అక్కడ మొదలుపెట్టండి.

ఇక వ్యాపారం చేస్తున్న వాళ్లకు, మొదట్లో చెప్పిన విన్నపం. రేపు మీ ఊరి కాలేజీ నుంచి ఒక మాస్టారు, ఇద్దరు విద్యార్థులు మీ కొట్టుకో, మిల్లుకో వస్తారు. మీరు ఇబ్బంది పడిన ఒక నిర్ణయం గురించి చెప్పమంటారు. ఒక గంట కూర్చోబెట్టి చెప్పండి. లాభం వచ్చిన కథే చెప్పనక్కర్లేదు. ఎటూ తేల్చుకోలేక నిద్రపట్టని రోజు గురించి చెప్పండి. మీ ఊరి పిల్లలు రేపు మీ దగ్గరే ఉద్యోగానికి వస్తారు. మీ పక్కనే కొట్టు పెడతారు. వాళ్లకు మీరు నేర్పగలిగింది ఏ పుస్తకమూ నేర్పలేదు.